ఫోనులో అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి

మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. పాతికేళ్ళకు పైగా టీవీ మెకానిక్‌గా బతికాను. డబ్బా టీవీలు పోయి గోడ టీవీలు వచ్చాక మా పని పలచబడింది. బోర్డు పాడైతే బోర్డే మార్చేస్తున్నారు, పోయిన పార్టు వెతికి వేయమని అడిగేవాళ్ళు లేరు. చుట్టూ చూస్తే రొయ్యల చెరువులు, చెరువు గట్టున షెడ్డు, షెడ్డులో పానెల్ బోర్డు. అలా టీవీల నుంచి పానెళ్ళ పనిలోకి వచ్చాను. మా బావగారి చెరువులకి నేను చేసిపెట్టిన ఒక రిలే బోర్డు గురించీ, ఒక రాత్రి దానివల్ల మేం పడ్డ అవస్థ గురించీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి బోర్డులు ఇప్పుడు డిప్లొమా కుర్రాళ్ళు చాలామంది చేస్తున్నారు, కొనే రైతులూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే సంగతులు ఇందులో ఉన్నాయి.

రొయ్యల సాగు తెలియనివాళ్ళకి ముందు ఒక మాట చెప్పాలి. 2009లో మన దేశంలో వనామీ సాగుకి అనుమతి వచ్చింది. అంతకుముందు మా వైపు అంతా టైగర్ రొయ్య. వనామీని చదరపు మీటరుకి 60 పిల్లల దాకా వేయనిస్తారు. అంత ఒత్తుగా వేసినప్పుడు నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ దానంతటది సరిపోదు. దాన్ని మా రైతులు డీవో అంటారు. పగలు నీళ్ళలో ఉండే ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ విడుదల చేస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో బాగా దిగిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంటే రొయ్య హాయిగా మేత తింటుంది. 3 కిందికి వస్తే నీరసిస్తుంది. ఇంకా దిగితే గట్టు వారకి చేరి పైకి తేలుతుంది. ఆ తర్వాత చేయగలిగింది పెద్దగా ఉండదు. సుమారు 500 కిలోల రొయ్యకి ఒక హార్స్‌పవర్ చొప్పున, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు పెట్టి రాత్రంతా తిప్పుతూ ఉండేది అందుకే.

బావగారివి రెండు చెరువులు, రెండూ లీజువే. కలిపి 16 ఏరియేటర్లు, ఒక్కోదానికి ఒక కాంటాక్టర్, అంటే మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చి. కరెంటు పోతే కాంటాక్టర్లన్నీ వదిలేస్తాయి. జనరేటర్ వేసి, కాపలా మనిషి ఒక్కొక్క పచ్చ బటన్ నొక్కుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి వేస్తే జనరేటర్ మొరాయిస్తుంది, ఎందుకంటే మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. రాత్రి రెండింటప్పుడు నిద్రలోంచి లేచినవాడు ఈ వరస తప్పకుండా చేస్తాడని నమ్మకం ఏముంది? కరెంటు వచ్చినా, జనరేటర్ వచ్చినా, తనంతట తానే ఒక్కొక్క ఏరియేటర్‌ని 5 సెకన్ల తేడాతో లేపే బోర్డు కావాలన్నారు బావగారు. పగలు ఎండ బాగున్నప్పుడు కొన్ని ఆపితే కరెంటు బిల్లు కలిసొస్తుంది, అది ఫోను నుంచే చేసుకునేట్టు ఉండాలన్నారు.

మెదడుగా ఈఎస్‌పీ 32 తీసుకున్నాను. వైఫై దానిలోనే ఉంటుంది, ధర తక్కువ. అయితే 16 రిలేలకి దాని కాళ్ళు చాలవు. 6 నుంచి 11 దాకా ఉన్నవి లోపలి మెమరీకి పోతాయి. 34 నుంచి 39 దాకా ఉన్నవి ఇన్‌పుట్‌కే పనికొస్తాయి. ఇంకొన్ని, బోర్డు మొదలయ్యే క్షణంలో వాటంతటవే ఎగిరిపడతాయి. రిలే ఎగిరితే కాంటాక్టర్ ఎగురుతుంది, కాంటాక్టర్ ఎగిరితే మోటారు ఎగురుతుంది. అందుకని ఎంసీపీ 23017 అనే ఐసీ పెట్టాను. 28 కాళ్ళది. రెండే తీగల మీద మాట్లాడి 16 కాళ్ళని మన చేతికిస్తుంది. ఇలాంటివాటిని ఐవో ఎక్స్‌పాండర్లు అంటారు. అడ్రసు కాళ్ళు మూడింటినీ పైకో కిందికో కలుపుకుంటూ ఒకే జత తీగల మీద ఎనిమిది ఐసీలు పెట్టుకోవచ్చు, అంటే 128 కాళ్ళు.

ఆ రెండు తీగలూ నాకు పాత చుట్టాలే. వాటి పద్ధతిని ఐ టూ సీ అంటారు. 1982లో ఫిలిప్స్ వాళ్ళు తెచ్చారు. టీవీలలో ట్యూనర్‌కీ, మెమరీ ఐసీకీ, మైక్రో ఐసీకీ మధ్య నడిచేవి ఇవే. ఒకటి డేటా, ఒకటి క్లాకు. 24సీ08 మెమరీ ఐసీ పోయి చానెళ్ళు గుర్తుండని టీవీలు మా బల్ల మీదికి ఎన్నో వచ్చేవి. ఈ తీగల మీద వోల్టేజి చూసే ముందుకెళ్ళేవాళ్ళం. టీవీలో ఆ తీగల పొడవు జానెడు మించదు. ఈ పొడవు సంగతి మళ్ళీ వస్తుంది.

బోర్డు కట్టడం నాకు ఇష్టమైన పని. సామానంతా హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకున్నాను. ఐసీకి బేస్ వేశాను, పోతే మార్చుకోవచ్చని. ఈఎస్‌పీ 3.3 వోల్టులది కాబట్టి ఎక్స్‌పాండర్‌కి కూడా 3.3 వోల్టులే ఇచ్చాను. దానికి 5 వోల్టులు ఇస్తే, డేటా కాలు మీద 4 వోల్టులు వస్తేగాని ఒకటి అని ఒప్పుకోదు. డేటాకీ క్లాకుకీ 4.7 కే పుల్-అప్ రెసిస్టెన్సులు. ఎక్స్‌పాండర్ ఒక్కో కాలు 25 మిల్లీయాంపులకి మించి ఇవ్వలేదు, ఐసీ మొత్తం మీద 125 మించి తీసుకోకూడదు. 12 వోల్టుల చిన్న రిలే కాయిలు 400 ఓములు ఉంటుంది, 30 మిల్లీయాంపులు తాగుతుంది. 16 రిలేలకి దాదాపు అర యాంపు. ఆ బరువు మోయడానికి రెండు యూఎల్‌ఎన్ 2803లు వేశాను, ఒక్కోదానిలో ఎనిమిది డ్రైవర్లు. దాని పదో కాలుని 12 వోల్టులకి కలిపితే రిలే వదిలేటప్పుడు కాయిలు కొట్టే ఎదురు దెబ్బని లోపలి డయోడ్లు మింగేస్తాయి. యూఎల్‌ఎన్ తన దగ్గర ఒక వోల్టు దాకా ఉంచుకుని రిలేకి 11 ఇస్తుంది. ఈ రిలేలు 9 దగ్గరే లాగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. 230 వోల్టులు నడిచే వైపుకీ 12 వోల్టుల వైపుకీ మధ్య రాగి అంతా గీకేసి, రిలేల కింద రంపంతో గాడి కోశాను. చెరువు గాలిలో తేమా ఉప్పూ ఉంటాయి, దుమ్ము తడిస్తే అదే తీగవుతుంది.

ఈ ఐసీలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. కరెంటు ఇవ్వగానే దాని 16 కాళ్ళూ ఇన్‌పుట్‌లుగా మేల్కొంటాయి. అంటే ఏ రిలేనీ తాకవు. మనం దిశ రిజిస్టర్లు రెండింటిలో సున్నాలు రాసినప్పుడే అవి అవుట్‌పుట్‌లవుతాయి. ఇంట్లో లైట్లకీ గీజర్లకీ ఇది బంగారంలాంటి గుణం. బోర్డు అయోమయంలో ఉంటే అన్నీ ఆఫ్‌లో ఉంటాయి, ప్రమాదం లేదు. రొయ్యల చెరువు దగ్గర ఆఫ్ అంటే ఏమిటో ఆ రాత్రి చూశాం.

పానెల్ రేకు డబ్బా. లోపల పెడితే వైఫై అందదు. అందుకని ఈఎస్‌పీని బయట గోడ మీద ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, రిలే బోర్డుని పానెల్‌లో కాంటాక్టర్ల పక్కన బిగించాను. మధ్య సుమారు మీటరు పొడవు రిబ్బన్ కేబులు. డేటా, క్లాకు, గ్రౌండు, 3.3 వోల్టులు, ఎక్స్‌పాండర్ రీసెట్ కాలు, అన్నీ అందులోనే. కరెంటు పోయినా బోర్డు బతికి ఉండాలని 12 వోల్టుల బ్యాటరీ కట్టాను. ఆటోమేటిక్‌కీ మాన్యువల్‌కీ మార్చుకునే సెలెక్టర్ స్విచ్చులు ఒక్కో ఏరియేటర్‌కి ఒకటి చొప్పున రాసిచ్చాను. పానెల్ ఖర్చు అప్పటికే పెరిగిపోయింది, "అవి వచ్చే పంటకి చూద్దాంలేరా" అన్నారు బావగారు. మేత కొట్టు బాకీ నాకు తెలుసు, మారుమాట్లాడలేదు. పచ్చ బటన్లు తీసేసి కాంటాక్టర్ కాయిళ్ళని నేరుగా రిలేల మీదికి తెచ్చారు పానెల్ పనివాళ్ళు.

బోర్డు బాగా నడిచింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏరియేటర్లు వరసగా లేస్తుంటే పక్క చెరువులవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. మాకూ చేసిపెట్టమని అడిగినవాళ్ళూ ఉన్నారు. బావగారు ఊళ్ళో పెళ్ళికి వెళ్ళినా మధ్యలో ఫోను తీసి, వరసగా ఉన్న 16 పచ్చ చుక్కలు చూసుకుని జేబులో పెట్టుకునేవారు.

వాన గాలితో కరెంటు పోతూ వస్తూ ఉన్న రాత్రి అది. చెరువుల్లో రొయ్య 80 కౌంటుకి, అంటే కిలోకి 80 తూగే సైజుకి వచ్చింది. ఇంకొంచెం పెరిగితే మంచి ధర పలికే సైజు. అర్ధరాత్రి దాటాక కరెంటు మినుకుమినుకుమని చివరికి పోయింది. కాపలా అతను జనరేటర్ వేశాడు. చెరువుల దగ్గర పడుకునేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. ఏరియేటర్ల చప్పుడు ఉన్నంతసేపు నిద్రపోతారు, ఆగితే మెలకువ వస్తుంది. ఆ రాత్రి జనరేటర్ మోత ఏరియేటర్ల చప్పుడు లేకపోవడాన్ని కప్పేసింది. బావగారు ఇంటి దగ్గర లేచి ఫోను చూశారు. 16 చుక్కలూ పచ్చగానే ఉన్నాయి. మళ్ళీ పడుకున్నారు.

కాపలా అతను తెల్లవారుజామున టార్చి వేసుకుని గట్టు మీదికి వెళ్ళాడు. నీళ్ళలో కదలిక లేదు, నురుగు లేదు. టార్చి వెలుగు పడినంతమేరా గట్టు వారన రొయ్యల కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. మామూలుగా అడుగున తిరిగే రొయ్య అలా గట్టుకి చేరిందంటే అర్థం అతనికి తెలుసు. ముందు బావగారికి, తర్వాత నాకు ఫోను చేశాడు. "జనరేటరు ఆడుతోందండీ, ఏరియేటర్లు ఆడట్లేదండీ" అన్నాడు. ఆ వెంటనే బావగారి ఫోను. "ఫోనులో అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి కదరా!" ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బోర్డు స్విచ్చి తీసి మళ్ళీ వేయమన్నాను. వేశారు, ఏమీ కదల్లేదు. బ్యాటరీ ఉంది కదా, స్విచ్చి తీసినా బోర్డు ఆగదు. బ్యాటరీ వైరు పీకమని చెప్పేలోగా సిగ్నల్ పోయింది. వానలోనే బండి తీశాను. నేను వెళ్ళేసరికి బావగారు పొడి వెదురు కర్రతో ఒక కాంటాక్టర్ నడుముని నొక్కి పట్టుకుని నిలబడి ఉన్నారు. నొక్కినంతసేపు ఆ ఒక్క ఏరియేటరే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. కాపలా అతను ఇంకో కర్రతో ఇంకోటి. మా అక్క గట్టు వెంబడి నడుస్తూ ఆక్సిజన్ గుళికలు చల్లుతోంది. సోడియం పర్‌కార్బొనేట్ గుళికలు అవి, నీళ్ళలో ఆక్సిజన్ వదులుతాయి. పైపైన కాస్త ఊపిరి ఆడడానికే తప్ప చెరువంతటికీ చాలవు.

పానెల్ తలుపు తీసి చూస్తే రిలే బోర్డు మీద ఒక్క ఎర్ర లైటూ వెలగడం లేదు. చేతిలో ఉన్న బావగారి ఫోనులో 16 పచ్చ చుక్కలు. రెండూ ఒకేసారి నా కళ్ళ ముందు ఉన్నాయి. కారణం ఆలోచించే సమయం అది కాదు. జనరేటర్ మెయిన్ దించేసి, టార్చి నోట కరుచుకుని, రిలేల స్క్రూల మధ్య తీగ ముక్కలు వేసి ఒక్కొక్కటీ కలిపాను. చేతులు తడి, నేల తడి, తీగ ముక్కల కోసం పాత వైరు పళ్ళతో ఒలుచుకోవాల్సి వచ్చింది. నాలుగేసి కలపడం, మెయిన్ ఎత్తడం, అవి లేచాక దించి మళ్ళీ నాలుగు కలపడం. చివరిసారి అన్ని బ్రేకర్లూ దించి ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వచ్చాం. ఏరియేటర్లన్నీ తిరిగేసరికి తూర్పున తెల్లబడింది.

మొదటి చెరువులో నష్టం కొద్దిగానే అయింది. రెండోది లోతు తక్కువ, రొయ్య ఎక్కువ. అందులో పొద్దెక్కేకొద్దీ రొయ్య తేలుతూనే ఉంది. మిగిలినదాన్ని ఆ రోజే పట్టేయాలని నిర్ణయించారు. అత్యవసరంగా పట్టే సరుక్కి కొనేవాడు చెప్పిందే ధర. చచ్చిన రొయ్యని వేరుచేసి, బతికినదాన్ని ఐసులో వేస్తున్నంతసేపు బావగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా అక్కే అంది, "ముందు అన్నం తినరా, తర్వాత చూద్దాం" అని. నాకు ముద్ద దిగలేదు. లీజు డబ్బులు, మేత కొట్టు బాకీ, బ్యాంకు అప్పు, అన్నీ ఆ చెరువు మీదే లెక్క వేసుకుని ఉన్నాయి. ఊళ్ళో ఆటోమేటిక్ అన్న మాట కొన్నాళ్ళు వెటకారమైపోయింది. మాకూ చేసిపెట్టమన్నవాళ్ళు మళ్ళీ రాలేదు.

బోర్డు విప్పి కొట్టుకి తెచ్చుకున్నాను. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. 16 బల్బులు కట్టి గంటల తరబడి వెలిగించి ఆర్పాను, ఒక్కసారీ తడబడలేదు. బల్బుకీ కాంటాక్టర్‌కీ ఉన్న తేడా అక్కడే ఉంది. కాంటాక్టర్ లోపల ఉండేది ఇనుము మీద చుట్టిన కాయిలు. చిన్న రిలే దాన్ని వదిలినప్పుడు, కాయిల్లో నిలవున్న శక్తి పోవడానికి దారి లేక రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వగా దూకుతుంది. ఆ రవ్వ వందల వోల్టుల దెబ్బల్ని చుట్టుపక్కల తీగలన్నింటి మీదికీ విసురుతుంది. పాత సామాన్లలోంచి ఒక కాంటాక్టర్ తెచ్చి, రిబ్బన్ కేబులు పక్కనే పెట్టి, టకటకా లాగిస్తూ వదిలిస్తూ కూర్చున్నాను. ప్రతి సెకనూ ఎక్స్‌పాండర్ దిశ రిజిస్టర్లు రెండింటినీ చదివి లాప్‌టాప్ మీద చూపించేట్టు నాలుగు లైన్లు రాశాను. సున్నా, సున్నా, సున్నా, సున్నా. చూస్తూ ఉండగా ఒక్కసారిగా 255, 255. బోర్డు మీద రిలేలన్నీ టప్పున పడిపోయాయి.

255 అంటే ఎనిమిది బిట్లూ ఒకట్లే, అంటే అన్నీ ఇన్‌పుట్‌లు. ఐసీ రీసెట్ అయితేనే ఆ విలువ వస్తుంది. మీటరు పొడవున్న తీగ చివర రీసెట్ కాలు రవ్వని పట్టుకుంది, ఐసీ మొదటికొచ్చింది. ఈఎస్‌పీకి ఆ సంగతి తెలియదు. బ్యాటరీ మీద నిక్షేపంగా నడుస్తోంది కాబట్టి అది మొదటి నుంచి మొదలవలేదు, దిశ రిజిస్టర్లలో మళ్ళీ సున్నాలు రాయలేదు. ఏరియేటర్లు వేయాలని అవుట్‌పుట్ రిజిస్టర్‌లో ఒకట్లు రాస్తూనే ఉంది. ఎక్స్‌పాండర్ ప్రతిసారీ అందిందని జవాబిస్తూనే ఉంది. ఆ అవుట్‌పుట్ రిజిస్టర్‌ని తిరిగి చదివినా మనం రాసినవే కనిపిస్తాయి. మెయిన్ దించేసి ఉన్న ఇంట్లో స్విచ్చులన్నీ ఆన్ చేసి ఉన్నట్టు. ఫోనులోని పచ్చ చుక్కలు చెప్పింది అబద్ధం కూడా కాదు, ఈఎస్‌పీ ఆజ్ఞ ఇచ్చిన మాట నిజమే. ఆ ఆజ్ఞ మోటారు దాకా వెళ్ళిందో లేదో చెప్పే ఏర్పాటు ఆ వ్యవస్థలో ఎక్కడా లేదు.

రీసెట్ కాలు దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసి, ఆ తీగని రిబ్బన్ నుంచి తీసేస్తే రీసెట్లు ఆగాయి. అప్పుడు రెండో జబ్బు బయటపడింది. ఒక్కోసారి బోర్డు ఎక్కడిదక్కడ బిగుసుకుపోయేది. మీటరు పెడితే డేటా తీగ మీద సున్నా వోల్టులు. టీవీల రోజుల నుంచీ తెలిసిన జబ్బే. మాట మధ్యలో రవ్వ పడి ఒక క్లాకు లెక్క తప్పితే, ఐసీ తన బిట్టు పట్టుకుని తర్వాతి క్లాకు కోసం ఎదురుచూస్తూ డేటా తీగని కిందికి లాగి ఉంచుతుంది. ఈఎస్‌పీ ఏమో తీగ ఖాళీ అయితే మాట్లాడదామని ఎదురుచూస్తుంది. క్లాకు తీగని చేత్తో ఆడించినట్టు తొమ్మిదిసార్లు పైకీ కిందికీ ఆడిస్తే ఐసీ వదిలేస్తుంది. ఆ పని ప్రోగ్రాములో పెట్టాలి.

అసలు మందు రవ్వ పుట్టే చోటే వేయాలి. డీసీ రిలే కాయిలుకి డయోడు చాలు. కాంటాక్టర్లది ఏసీ కాయిలు, దానికి అడ్డంగా డయోడు వేస్తే అర సైకిలు షార్టు అవుతుంది. అక్కడ స్నబ్బర్ వేయాలి. 100 ఓముల రెసిస్టెన్సు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్, రెండూ వరసగా కలిపి కాయిలు రెండు కొసల మీద. 16 కాంటాక్టర్లకీ వేసి, అదే పాత రిబ్బన్‌తో మళ్ళీ టకటకలాడించాను. 255 రాలేదు.

ఇంత తెలిశాక కూడా ఆ బోర్డుని పాత పద్ధతిలో చెరువు మీద పెట్టడానికి నాకు మనసొప్పలేదు. రవ్వ ఒక కారణం. రేపు బల్లి పడొచ్చు, ఎలక రిబ్బన్ కొరకొచ్చు, పిడుగు పడొచ్చు, ఐసీ ఊరికే చచ్చిపోవచ్చు. ఏం జరిగినా బోర్డు వదిలేసిన క్షణాన చెరువు ఏ స్థితిలో ఉంటుందన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకి జవాబు ఐసీలో దొరకదు, వైరింగులో ఉంటుంది. ప్రతి రిలేకీ మూడు స్క్రూలుంటాయి. రిలే లాగినప్పుడు కలిసేది ఒకటి, వదిలినప్పుడు కలిసి ఉండేది ఒకటి, మధ్యలో కామన్. మార్కెట్లో చూపించే బొమ్మలన్నీ మొదటిదానికే వైరు కలుపుతాయి. నేను రెండోదానికి మార్చాను. ఇప్పుడు బోర్డు రిలేని లాగితే ఏరియేటర్ ఆగుతుంది. బోర్డు చచ్చిపోతే, ఐసీ రీసెట్ అయితే, రిబ్బన్ తెగితే, ఏరియేటర్ తిరుగుతుంది. పగలు ఆపడం బోర్డు పని, రాత్రి తిప్పడం ఎవరి పనీ కాదు, దానంతటదే జరుగుతుంది.

మరి కరెంటు రాగానే 16 మోటార్లూ ఒకేసారి లేస్తే ఎలా? దానికి పానెల్ కొట్లో దొరికే ఆన్-డిలే టైమర్లు పెట్టాం. కరెంటు తగిలిన ఇన్ని సెకన్లకి కలిసే టైమర్లు అవి. ఒక్కోదాన్ని 5 సెకన్ల తేడాతో తిప్పి పెట్టాం. వాటికి ప్రోగ్రాము లేదు, వైఫై లేదు. ఈఎస్‌పీని పానెల్ లోపలికే తెచ్చి యాంటెన్నా ఒక్కటీ బయటికి తీశాను. ఐ టూ సీ తీగలు మళ్ళీ టీవీలో ఉన్నంత పొట్టివయ్యాయి. ప్రోగ్రాము ప్రతి సెకనూ దిశ రిజిస్టర్లు చదివి, సున్నా కాకపోతే మళ్ళీ రాసి, ఆ సంగతి ఫోనుకి చెబుతుంది.

పచ్చ చుక్క ఇప్పుడు వేరే చోట నుంచి వస్తుంది. ప్రతి కాంటాక్టర్‌కీ పక్కన ఆగ్జిలరీ కాంటాక్టు ఉంటుంది, కాంటాక్టర్ నిజంగా లాగితేనే కలుస్తుంది. ఆ కాంటాక్టులని ఆప్టోకప్లర్ల ద్వారా రెండో ఎంసీపీ 23017కి ఇన్‌పుట్‌లుగా తెచ్చాను. ఇక్కడ చేసేవాళ్ళకి ఒక జాగ్రత్త. ఈ ఐసీలో రెండు పోర్టుల ఏడో నంబరు కాళ్ళనీ అవుట్‌పుట్‌గానే వాడాలని సవరించిన డేటాషీటు చెబుతుంది. అంటే ఇన్‌పుట్‌లకి 14 మాత్రమే మిగులుతాయి. మిగతా రెండింటినీ ఈఎస్‌పీ కాళ్ళకి నేరుగా తెచ్చుకున్నాను. దీనికి తోడు, బోర్డుతో ఏ సంబంధమూ లేని హూటర్ ఒకటి బ్యాటరీ మీద పెట్టాం. ఒక్కో చెరువులో ఒక ముఖ్యమైన ఏరియేటర్ తిరుగుతున్నంతసేపే అది నోరు మూసుకుని ఉంటుంది. మోగిందంటే జనరేటర్ మోతలో కూడా ఊరంతా వినిపిస్తుంది.

సెలెక్టర్ స్విచ్చులు కూడా ఈసారి వచ్చాయి. ఆ డబ్బు బావగారే అడక్కుండా ఇచ్చారు. తర్వాతి పంటలో ఒకసారి కావాలనే అర్ధరాత్రి నన్ను పిలిచి, "ఏదీ, నీ బోర్డు తీగ పీకు, చూద్దాం" అన్నారు. పీకాను. ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. "ఇప్పుడు బాగుంది" అని వెళ్ళి పడుకున్నారు. మా మధ్య ఆ రాత్రి గురించి జరిగిన మాటలు అంతే. పోయిన పంట అప్పు తీరడానికి ఆ తర్వాతి పంటల డబ్బు పట్టింది.

ఇప్పుడు కుర్రాళ్ళు నా దగ్గరికి బోర్డులు పట్టుకొచ్చి చూపిస్తుంటారు. సోల్డరింగు నాకన్నా శుభ్రంగా ఉంటుంది, ఫోను తెర నాదానికన్నా అందంగా ఉంటుంది. అందరికీ ఒకే పరీక్ష చెబుతాను. అన్నీ నడుస్తుండగా ఎక్స్‌పాండర్ రీసెట్ కాలుని ఒక్క క్షణం గ్రౌండుకి తాకించి వదలండి. తర్వాత డేటా తీగని గ్రౌండుకి తాకించి అలాగే పట్టుకోండి. ఆ తర్వాత బోర్డు మొత్తానికీ కరెంటు తీసేయండి. మూడుసార్లూ మోటార్లు రైతుకి క్షేమమైన స్థితిలోనే ఉండాలి, ఫోను నిజమే చెప్పాలి, కరెంటు లేక బోర్డు మాట్లాడలేనప్పుడు కబురు లేదని చూపించాలి. ఇంటి గీజరుకైతే క్షేమం అంటే ఆగిపోవడం, రొయ్యల చెరువుకైతే తిరుగుతూ ఉండడం. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ బోర్డుకి రైతు దగ్గర డబ్బు తీసుకోకండి. రైతులకి చెప్పేదీ అదే: మీ కళ్ళ ముందు ఈ మూడు పరీక్షలూ చేసి చూపించనివాడి దగ్గర బోర్డు కొనకండి.